బూడిదరంగు చలికాలానికి ఊలుతో బంతిపూల తోరణం: ఎలా అల్లాలి, ఎక్కడ కట్టాలి?

గోదావరి అమ్మాయి (అక్టోబరు 29)

అందరికీ నమస్కారం.

నేను స్కాట్లాండ్ ఈశాన్య తీరంలోని అబర్డీన్‌లో ఉంటున్నాను. ఇది నాకు ఇక్కడ నాలుగో చలికాలం. ఈ ఊరి పాత ఇళ్ళన్నీ బూడిదరంగు గ్రానైట్ రాతితో కట్టినవి. ఎండ కాసిన రోజున ఆ రాతిలోని అభ్రకం మెరిసి వీధి వీధంతా తళతళలాడుతుంది గానీ, మబ్బు పట్టిన రోజున ఇంటి గోడ ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. మొన్న ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుకున్నాము. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఉదయం పావుతక్కువ తొమ్మిదికి తెల్లవారి, మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకుతుంది.

ఈ ఏడాది రాజమహేంద్రవరం నుంచి మా అమ్మ వచ్చి మాతో ఉంటోంది. సెప్టెంబరులో సముద్రపు ఒడ్డుకు రోజూ నడిచి వెళ్ళిన మనిషి ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని బయటికి చూస్తూ ఉండిపోతోంది. ఉదయం తొమ్మిదింటికి కూడా "ఇది తెల్లవారడమేనా?" అని అడుగుతోంది. ఆమె కళ్ళ ముందు పొద్దస్తమానం ఉండేలా, మన ఇళ్ళలో పండగపూట కనిపించే రంగులతో, ఊలుతో ఒక బంతిపూల తోరణం అల్లి ముందుగదిలో కట్టాలని నా కోరిక. సంక్రాంతి నాటికి పూర్తయితే చాలు.

అయితే నాకు ఒక చేదు అనుభవం ఉంది. నిరుడు ఇలాగే పసుపు ఆక్రిలిక్ దారంతో దాదాపు 40 సెంటీమీటర్ల సూర్యుణ్ణి అల్లి, కిటికీ అద్దానికి వేలాడదీశాను. చేతిలో ఉన్నప్పుడు నిండుగా వెలిగిన ఆ పసుపు, కిటికీకి కట్టగానే నల్లటి వలయంలా కనిపించింది. దానికి తోడు కిరణాలన్నీ అంచుల వెంట చుట్టుకుపోయి గొట్టాల్లా తయారయ్యాయి. నెల తిరిగేసరికి అద్దం వైపు భాగం తడిసి, మచ్చలు కూడా పడ్డాయి. దారం లోపమో, అల్లిక లోపమో, నా ఎంపిక లోపమో ఇప్పటికీ అర్థం కాలేదు.

సూదుల అల్లికలోని మూల కుట్లు నిట్, పర్ల్ (నిట్‌ను తిరగేసిన కుట్టు) రెండూ నాకు వచ్చు, కుట్లు పెంచడం, తగ్గించడం కూడా వచ్చు. అమ్మకు సూదుల అల్లిక రాదు. కానీ ఆమె పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె కాబట్టి కొక్కెంతో అల్లే క్రోషే లేసు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న పనే. ముప్ఫై ఏళ్ళుగా కొక్కెం పట్టుకోలేదంతే. ఆమెను కూడా ఈ పనిలోకి దింపగలిగితే నాకు తోరణం కన్నా అదే ఎక్కువ సంతోషం. మాది అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టకూడదు. కిటికీ దక్షిణం వైపు ఉంది, వెడల్పు 120 సెంటీమీటర్లు. ఏ దారం కొనాలి, పువ్వును ఎలా అల్లాలి, ఎక్కడ కట్టాలి అన్న మూడింటికీ అనుభవమున్న వారు సలహా చెప్పగలరు.


ఊలుబుట్ట (అక్టోబరు 30)

గోదావరి అమ్మాయి గారూ, మీరు అడిగిన మూడింటిలో చివరిదాన్ని నేను మొదట తీసుకుంటాను. ఎందుకంటే నిరుడు మీ సూర్యుడు నల్లబడడానికి కారణం దారమూ కాదు, మీ చేయీ కాదు, కట్టిన చోటు. వెలుతురు వస్తువు వెనుక నుంచి వస్తే మన కంటికి దాని ఆకారం మాత్రమే కనబడుతుంది, రంగు కనబడదు. దట్టంగా అల్లిన ఊలులోంచి వెలుతురు దూరదు కాబట్టి పసుపైనా, ఎరుపైనా, తెలుపైనా కిటికీకి కట్టితే పగలంతా నీడగానే ఉంటుంది. నేను స్కాట్లాండ్‌లోనే ఉన్న డండీకి వచ్చిన మొదటి సంవత్సరం రంగురంగుల జెండాల మాల అల్లి కిటికీకి కట్టి సరిగ్గా ఇదే చూశాను. దానిని ఎదుటి గోడకు మార్చిన రోజున అదే మాల గది మొత్తాన్ని మార్చివేసింది.

మీ కిటికీ దక్షిణం వైపు ఉండడం మీ అదృష్టం. డిసెంబరు 21 ప్రాంతంలో మీ ఊళ్ళో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి కేవలం 9 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అదే రోజున రాజమహేంద్రవరంలో దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. మన ఊళ్ళో చలికాలపు ఎండ కిటికీ కింద నేల మీద పడితే, మీ ఇంట్లో అది దాదాపు అడ్డంగా వచ్చి గది దాటి ఎదుటి గోడను తాకుతుంది, ఎదురుగా ఎత్తైన ఇళ్ళు అడ్డం లేకపోతేనే సుమా. కాబట్టి తోరణాన్ని కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు కట్టండి, అమ్మగారి కుర్చీని కిటికీకి వీపు పెట్టి, గోడ వైపు తిప్పండి. మబ్బు రోజున కూడా ఆ గోడకు కిటికీ వెలుతురు నేరుగా అందుతుంది. వెలుతురు ఆమె భుజాల మీదుగా వచ్చి చేతిలోని పని మీద పడుతుంది కాబట్టి కంటికీ సుఖం.

ఇక కిరణాలు చుట్టుకుపోవడం గురించి. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ చేస్తూ పోతే వచ్చే స్టాకింగ్ అల్లిక స్వభావమే అది: పక్క అంచులు వెనక్కి, కింది పై అంచులు ముందుకు చుట్టుకుంటాయి. ఉన్ని అయితే తడిపి, సాగదీసి, పిన్నులు గుచ్చి ఆరబెడితే కొంత మాట వింటుంది, ఆక్రిలిక్ వినదు. అన్ని వరుసలూ నిట్ చేసే గార్టర్ అల్లికకు ఈ బాధ లేదు. రెండు వైపులా ఒకేలా ఉండి, బల్లపరుపుగా నిలుస్తుంది. అలంకరణ వస్తువులకు నేను గార్టర్ తప్ప మరొకటి వాడను.

దారం విషయంలో మీకు ఆక్రిలిక్కే సరైనదని నా అభిప్రాయం. డీకే మందం (మరీ సన్నమూ, మరీ లావూ కానిది) తీసుకోండి. 100 గ్రాముల ఉండలో సుమారు 290 మీటర్లు వస్తుంది, పసుపు ఒకటి, నారింజ ఒకటి, ముదురు ఆకుపచ్చ ఒకటి చాలు, ఇంకా మిగులుతుంది. 4 మిల్లీమీటర్ల సూదులు వాడండి. ఉన్ని అందంగా ఉంటుంది గానీ గోడకు నెలల తరబడి కదలకుండా ఉన్న ఉన్నికి చిమ్మెట పడుతుంది. నూలుకు సాగే గుణం లేదు, బరువు ఎక్కువ. ఆక్రిలిక్‌తో ఒకే ఒక్క భయం: అది వేడికి కరుగుతుంది, మంట తగిలితే కరిగిన బొట్టు అంటుకుంటుంది. కాబట్టి దీపం పెట్టే చోటికి, హీటర్‌కు పైన ఈ తోరణాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టవద్దు.

పువ్వు అల్లే పద్ధతి చెబుతాను. సూది మీదికి 20 కుట్లు ఎక్కించి, ఒక వరుస నిట్ చేయండి. రెండో వరుసలో ప్రతి కుట్టులోనూ ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి అల్లి రెండేసి చేయండి; 40 అవుతాయి. మూడో వరుస మామూలు నిట్. నాలుగో వరుసలో మళ్ళీ ప్రతి కుట్టునూ రెండు చేస్తే 80 అవుతాయి. అయిదో వరుసలో వదులుగా ముగించండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక వైపు 9 సెంటీమీటర్లు, మరో వైపు దానికి నాలుగు రెట్లు ఉన్న కుచ్చుల పట్టీ. చోటు చాలక ఆ పొడవైన అంచు తనంతట తానే అలలుగా ముడతపడుతుంది. పొట్టి అంచును పట్టుకొని చాపను చుట్టినట్లు చుట్టి, అడుగున నాలుగైదు చోట్ల అటూ ఇటూ సూది దించి బిగించండి. నాలుగైదు సెంటీమీటర్ల ముద్దబంతి తయారవుతుంది. ఒక్కో పువ్వుకు కుట్టుదారంతో కలిపి 5 మీటర్లు పడుతుంది. ముగించేటప్పుడు బిగించి లాగితే రేకులు విచ్చుకోవు, అక్కడ ఒక సైజు పెద్ద సూది తీసుకుంటే మేలు.

మామిడాకుకు 3 కుట్లతో మొదలు పెట్టండి. ముందు వైపు వరుసల్లో నడిమి కుట్టుకు అటూ ఇటూ దారాన్ని సూది మీదుగా ఒక్కసారి చుట్టి కొత్త కుట్లు తీసుకుంటూ 5, 7, 9 వరకు పెంచండి. వెనుక వైపు వరుసల్లో అన్నీ నిట్ చేస్తూ, నడిమి కుట్టును మాత్రం పర్ల్ చేయండి. గార్టర్ మధ్యలో ఆ ఒక్క కుట్టూ నిలువుగా పైకి తేలి, అచ్చం ఆకు ఈనెలా కనిపిస్తుంది. నాకు ఈ తోరణం మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది ఆ ఈనే. 9 కుట్ల మీద 40 వరుసలు నేరుగా వెళ్ళి, తరువాత ముందు వైపు వరుసల్లో రెండు చివరలా ఒక్కొక్కటి తగ్గిస్తూ 3కు వచ్చాక మూడింటినీ కలిపి ఒకటి చేసి దారం లాగివేయండి. 13 సెంటీమీటర్ల పైచిలుకు పొడవు వస్తుంది.

నా లెక్క ప్రకారం 150 సెంటీమీటర్ల తోరణానికి 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 11 పూల సరాలు, వాటి మధ్య ఖాళీల్లో 10 ఆకులు సరిపోతాయి. సరానికి 4 పూలైతే మొత్తం 44. రోజుకు ఒక పువ్వు అనుకున్నా డిసెంబరు మధ్యకల్లా పూలు పూర్తవుతాయి. ఆడుతూ పాడుతూ సంక్రాంతికి కట్టేయవచ్చు.

అన్నట్లు, అమ్మగారి నీరసాన్ని తోరణానికే వదిలిపెట్టకండి. ఇక్కడ చలికాలమంతా రోజుకు 10 మైక్రోగ్రాముల డి విటమిన్ తీసుకోవడం గురించి ఆలోచించమని ప్రభుత్వ ఆరోగ్య విభాగమే అందరికీ చెబుతుంది. ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.


లేసుపువ్వు (అక్టోబరు 31)

ఊలుబుట్ట గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, కిటికీని అలా ఖాళీగా వదిలివేయడం నాకు నచ్చలేదు. అక్కడ మీ అమ్మగారి పని ఉండాలి.

మాది నరసాపురం. మా అమ్మమ్మ, మా అమ్మ, మేనత్తలు అందరూ లేసు అల్లినవారే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ పని తరతరాలుగా ఆడవారి చేతుల్లోనే, ఇంటి అరుగుల మీదే నడిచింది, 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం వంటపని అయ్యాక నలుగురూ ఒకచోట చేరి, ఒకరు పూలు, ఒకరు అంచు, ఇంకొకరు వాటన్నిటినీ కలిపే అతుకుపని చేస్తుంటే చూస్తూ పెరిగాను. ముప్ఫై ఏళ్ళు మానేసినా ఆ పని వేళ్ళు మరిచిపోవు. మా మేనత్త ఇరవై ఏళ్ళ తరువాత కొక్కెం పట్టుకుంటే మొదటి గంట తడబడింది, రెండో గంటకు మాట్లాడుతూ అల్లింది.

లేసులో దారం కన్నా ఖాళీ ఎక్కువ. ఊలుతో నీడగా మారిన సూర్యుడు, సన్నని నూలు దారంతో అల్లితే వెలుతురును అడ్డుకోడు. ఖాళీల్లోంచి వెలుతురు వచ్చి, దారం చుట్టూ అంచు కట్టినట్లు ఉంటుంది. తెల్లదారమైనా లేత పసుపైనా సరే. అక్కడ రంగుతో పని లేదు, ఆకారమే చూపించాలి కాబట్టి నీడ కూడా అందంగానే ఉంటుంది. నడుమ చిన్న వలయం, దాని చుట్టూ పొడవు కుట్ల చక్రం, ఆ పైన గొలుసు కుట్లతో వదులుగా జాలీ, చివర కోసుగా కిరణాలు. మీ అమ్మగారికి నేను ఇంతకన్నా చెప్పనవసరం లేదు, "బల్లగుడ్డ నడిమి పువ్వును కొంచెం పెద్దది చేసి, అంచుకు కోసులు పెట్టమ్మా" అని అడగండి, ఆమెకు తెలిసిపోతుంది.

అల్లాక గంజి తప్పనిసరి. అన్నం వార్చిన గంజిని పలుచగా వడకట్టి, లేసును అందులో ముంచి పిండి, మెత్తటి అట్ట మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, ఒక్కో కిరణం కొసనూ లాగి తుప్పు పట్టని పిన్నులు గుచ్చాలి. ఒక రోజంతా ఆరనివ్వండి. మీ చోట తేమ ఎక్కువ కాబట్టి గంజి ఒక్కటే నమ్ముకుంటే నెలలో మెత్తబడిపోవచ్చు. ఎంబ్రాయిడరీకి వాడే గుండ్రటి చట్రం కొని, కిరణాల కొసలను దానికి కట్టివేస్తే గంజి మెత్తబడినా సూర్యుడు జారడు. అద్దానికి మాత్రం ఆనించకండి. చలికాలంలో ఇంటి లోపలి ఆవిరి చల్లటి అద్దం మీద నీరుగా మారుతుంది. నిరుడు మీకు మచ్చలు పడింది అందువల్లనే. నాలుగు వేళ్ళ దూరం ఉండేలా కిటికీ పైచట్రం నుంచి వేలాడదీయండి.

మరొక మాట. బంతిపూలు కూడా క్రోషేతో అయితే ఇందులో సగం కాలంలో అయిపోతాయి. వాటిని కూడా అమ్మగారికే అప్పగిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.


గోదావరి అమ్మాయి (అక్టోబరు 31)

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. లేసుపువ్వు గారి జవాబును అమ్మకు చదివి వినిపించాను. "అతుకుపని" అన్న మాట దగ్గర ఆపి, మరోసారి చదవమంది. ఆ తరువాత చాలాసేపు వాళ్ళ మేనమామ ఇంటి అరుగు గురించి, పన్నెండేళ్ళ వయసులో తాను మొదటిసారి అల్లి అమ్మిన లేసు గురించి చెప్పింది. అవి నేను ఇంతవరకు విననివి. రేపు నూలు దారమూ, సన్నని కొక్కెమూ కొనడానికి తానే దుకాణానికి వస్తానంది.

బంతిపూలు మాత్రం నేనే సూదులతో అల్లుతాను. ఆమె చేస్తుంటే నేను ఊరికే కూర్చోవడం నాకు ఇష్టం లేదు.


రంగులపెట్టె (నవంబరు 2)

ఆలస్యంగా చూశాను. దారం ఇంకా కొనకపోతే రంగుల గురించి నా మాట కూడా వినండి.

మీరున్న చోటికి ఉత్తరాన, ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల మధ్య ఫెయిర్ ఐల్ అనే చిన్న ద్వీపం ఉంది. ఆ ద్వీపం పేరుతోనే ప్రసిద్ధమైన అల్లికలో ఎన్ని రంగులు కలిసినట్లు కనిపించినా, ఒక్కో వరుసలో ఉండేవి రెండే, వాటిలో ఒకటి చీకటి వైపు, మరొకటి వెలుతురు వైపు. మబ్బులూ సముద్రమూ తప్ప వేరే ఏమీ కనిపించని దీవిలో పుట్టిన ఈ పద్ధతిని నేను ఎన్నో ఏళ్ళుగా గమనిస్తున్నాను. రంగు ఉల్లాసంగా కనబడడానికి అది ఎంత గాఢమైనదన్నది మాత్రమే కాదు, దాని పక్కన ఏముందన్నది అంతకన్నా ముఖ్యం.

మీ తోరణానికి వస్తే, పసుపూ నారింజా పక్కపక్కన ఎండలో బాగుంటాయి. మసక వెలుతురులో మాత్రం ఎరుపు కలిసిన రంగులు కంటికి ముందుగా నల్లబడతాయి. ఆకుపచ్చ, నీలం అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దంలో దీనిని గమనించి రాసిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతోనే దీన్ని పిలుస్తారు. ఆయన కూడా తెల్లవారుజామున పూలను చూస్తూనే దీన్ని కనిపెట్టాడని చెబుతారు. మూడు గంటల సాయంత్రాల్లో మీ ముదురు నారింజ ఇటుక రంగుకు దిగిపోతుంది. కాబట్టి నారింజను ఎరుపుకు దగ్గరగా కాక, పండిన బొప్పాయి రంగుకు దగ్గరగా ఎంచుకోండి, పూలలో మూడింట రెండు వంతులు పసుపే ఉంచండి.

కొనే ముందు దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఉండలను పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. రెండు ఉండలు ఒకే బూడిదరంగులో కనిపిస్తే, దూరం నుంచి చూసినప్పుడు ఆ రెండు రంగులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని అర్థం. పసుపు తెల్లగానూ, నారింజ నడిమి బూడిదగానూ, ఆకుపచ్చ దాదాపు నల్లగానూ వస్తే మీ ఎంపిక సరైనది.

అద్దె ఇళ్ళ గోడలు ఎక్కువగా మీగడ రంగులో ఉంటాయి. మీ గోడ కూడా అదే రంగైతే పసుపు దాని మీద వెలవెలబోతుంది. సాయంత్రం పసుపు వెలుతురు బల్బు వేశాక పసుపుకూ మీగడకూ తేడాయే ఉండదు. దీనికి ఒక ఉపాయం ఉంది. తోరణం వెనుక, పై భాగంలో, పది సెంటీమీటర్ల వెడల్పున్న ముదురు నీలం పట్టీ ఒకటి గార్టర్‌లోనే అల్లి కట్టండి. పసుపుకు నీలం వెనుక ఉంటే అది ఎంతగా వెలుగుతుందో కట్టాక మీరే చూస్తారు. 22 కుట్లు ఎక్కించి 150 సెంటీమీటర్లు పోవడమే, ఆలోచన అవసరం లేని అల్లిక, టీవీ చూస్తూ కూడా చేయవచ్చు. పూల దారాన్ని మోయడానికి కూడా ఈ పట్టీ పనికొస్తుంది. అయితే అల్లిక బరువుకు సాగుతుంది కాబట్టి పట్టీ పై అంచు లోపలి నుంచి సాగని నూలు తాడు ఒకటి దూర్చి, ఆ తాడునే కొక్కాలకు తగిలించండి. గోడకు మరక పడకుండా ఊడివచ్చే అంటు కొక్కాలు దొరుకుతాయి. రెండు చివర్లలోనే కాక నడుమ కూడా ఒకటి పెట్టండి.


గోదావరి అమ్మాయి (డిసెంబరు 20)

అందరికీ చెప్పవలసిన కబురు ఉంది. తోరణం సంక్రాంతి దాకా ఆగలేదు, మొన్న ఆదివారమే కట్టేశాము.

రంగులపెట్టె గారు చెప్పినట్లు దుకాణంలో ఫోటో తీసి చూస్తే, నేను మొదట ఎంచుకున్న నారింజ, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిదరంగులో వచ్చాయి. అది పక్కన పెట్టి లేత నారింజ తీసుకున్నాను. 44 పూలలో 29 పసుపు, 15 నారింజ. మొదటి ఆరు పూలను బిగించి ముగించడం వల్ల అవి బంతిపూలలా కాక గట్టి గుండీల్లా వచ్చాయి. వాటిని విప్పకుండా సరాల పై కొసన, పట్టీకి దగ్గరగా ఉంచితే మొగ్గల్లా సరిపోయాయి. ఆకుల ఈనెలు మాత్రం మొదటి ఆకు నుంచే చక్కగా వచ్చాయి. నీలం పట్టీ అల్లడానికి నేను అనుకున్న దానికన్నా ఎక్కువ రోజులు పట్టింది, కానీ అది లేకుండా ఒకసారి, దానితో ఒకసారి కట్టి చూశాము. మా గోడ నిజంగా మీగడ రంగే. ఆ పట్టీ లేకపోతే ఈ తోరణానికి సగం వెలుగు ఉండేది కాదు.

అమ్మ లేసు సూర్యుడు మూడు వారాల్లో పూర్తయ్యాడు. రెండుసార్లు విప్పేసి మళ్ళీ అల్లింది, "జాలీ బిగుసుకుపోయింది, ఎండ ఎలా వస్తుంది?" అని తానే తప్పు పట్టుకుంది. ఇక్కడ మేము వండుకునే బియ్యం గంజి పలుచగా వచ్చిందని మరికాస్త మరిగించింది. పిన్నులు గుచ్చేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నిన్న పదకొండు గంటల ప్రాంతంలో మబ్బు కాస్త విచ్చుకుని ఎండ వచ్చింది. మేము ఎవ్వరమూ ఊహించనిది జరిగింది: ఆ ఎండ అడ్డంగా గదిలోకి వచ్చి, లేసు సూర్యుడి నీడను ఎదుటి గోడ మీద, తోరణం కిందుగా, కిరణాలతో సహా పరిచింది. ఇరవై నిమిషాలు ఉంది. అమ్మ కుర్చీలోంచి లేచి వెళ్ళి, ఆ నీడ మీద చేయి పెట్టి నిలబడింది.

మరొక ప్రశ్న ఉంది. పక్కింటి పెద్దావిడ తోరణాన్ని చూసి చాలా ఇష్టపడింది. ఆమె ఒంటరిగా ఉంటుంది. ఆమె వీధి తలుపుకు చిన్నది ఒకటి కట్టి ఇద్దామని అమ్మ పట్టుబట్టింది, అప్పుడే పూలు మొదలు పెట్టేసింది, క్రోషేతోనే. కానీ అది బయట ఉంటుంది. సముద్రపు గాలి, వాన రెండూ తగులుతాయి. దారం మార్చాలా?


ఊలుబుట్ట (డిసెంబరు 20)

గోడ మీద నీడ గురించి చదివి చాలాసేపు సంతోషించాను. నేను ఎదుటి గోడ అన్నప్పుడు నా ఆలోచన తోరణం వరకే వెళ్ళింది.

బయటికైనా అదే ఆక్రిలిక్ వాడండి. అది నీటిని పీల్చుకోదు, వాన వెలిశాక దులిపితే త్వరగా ఆరుతుంది. నూలు మాత్రం వద్దు, తడిసి బరువెక్కి సాగిపోతుంది, పచ్చగా నాచు కూడా పట్టవచ్చు. ప్రతి పువ్వునూ తాడు చుట్టూ కట్టడం కాక, తాడు లోంచే సూది దించి రెండుసార్లు కుట్టండి, లేకపోతే గాలికి పూలన్నీ ఒక మూలకు జరిగిపోతాయి. దారపు కొసలను కనీసం పది సెంటీమీటర్లు వదిలి అల్లిక లోపలికి దాచండి. సరాలు పొడవుగా వద్దు, ఒక్కోదానికి రెండు పూలు చాలు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున తీసి లోపల పెట్టుకోమని ఆమెకు చెప్పండి. ఆకులు గాలికి తిరగబడకుండా ఒక్కో ఆకు కొసన బరువైన గాజుపూస ఒకటి కుట్టమని అమ్మగారికి నా మాటగా చెప్పండి.